వీసా వచ్చింది సరే.. వ్యాక్సిన్ రికార్డు ఏది? అమెరికా వెళ్లే విద్యార్థులకు చిక్కు ఇక్కడే!

ఐ-20 వచ్చింది.. వీసా పడింది.. టికెట్ బుక్ అయింది. ఇక అంతా సెట్ అనుకుంటారు చాలామంది. కానీ అసలు చెకింగ్ ఆ తర్వాతే. ఎఫ్-1 వీసాకు టీకాల రికార్డు అక్కర్లేదు. దాన్ని అడిగేది యూనివర్సిటీ. అది లేకపోతే చాలాచోట్ల కోర్సుల రిజిస్ట్రేషన్‌పై 'హోల్డ్' పెడతారు. ప్రోగ్రామ్ మొదలైన 30 రోజుల్లోపు సెవిస్‌లో రిజిస్టర్ కాకపోతే స్టూడెంట్ స్టేటస్‌కే ఎసరు.

చిన్నప్పుడు టీకాలన్నీ వేయించాం కదా అంటారు పేరెంట్స్. మెలిక అక్కడే ఉంది. ఎక్కువ యూనివర్సిటీలు అడిగేది తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా.. మూడింటికీ పనిచేసే ఎంఎంఆర్ రెండు డోసులు. 2000 తర్వాత తొలి ఏళ్లలో పుట్టినవాళ్లకు పసితనంలో సర్కారు వేసింది తట్టు టీకా ఒక్కటే. 2017లో 15 ఏళ్లలోపు పిల్లలకు స్కూళ్లలో వేసిన ఎంఆర్ టీకాలో రుబెల్లా ఉంది కానీ గవదబిళ్లలకు మందు లేదు. అంటే కార్డు భద్రంగా ఉన్నా లెక్క సరిపోదు.

ఇక్కడ ఖర్చు కంటే టైమే పెద్ద సమస్య. ఎంఎంఆర్ రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు గ్యాప్ ఉండాలి. హెపటైటిస్-బీ మూడు డోసులకు మామూలుగా 6 నెలలు పడుతుంది. పాత కార్డు పోయినవాళ్లు యాంటీబాడీల రక్తపరీక్ష, అంటే టైటర్ చేయించుకుంటే చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి.

టీబీ విషయంలోనూ జాగ్రత్త. పుట్టగానే వేసే బీసీజీ వల్ల చర్మ పరీక్షలో తప్పుడు పాజిటివ్ రావొచ్చు. ఐజీఆర్‌ఏ రక్తపరీక్షకు ఆ ఇబ్బంది లేదు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే టెక్సాస్‌లో 22 ఏళ్లలోపు వాళ్లకు మెనింజైటిస్ టీకా తప్పనిసరి. అదీ క్లాసులకు కనీసం 10 రోజుల ముందే పడాలి.

కాగితాల్లో ఇంకో రెండు చిక్కులున్నాయి. మన దగ్గర 05/06 అంటే జూన్ 5. అమెరికాలో అది మే 6. అందుకే నెల పేరు అక్షరాల్లో రాయించుకోవాలి. ఆస్పత్రి కార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంతో, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే అక్కడా కొర్రీ పడొచ్చు. డాక్టర్ సంతకం, స్టాంప్‌తో పాస్‌పోర్టులో ఉన్న పేరుకే సర్టిఫికెట్ తీసుకోవడం మంచిది.

రూల్స్ రాష్ట్రానికో రకం, యూనివర్సిటీకో రకం. అందుకే అడ్మిషన్ లెటర్ వచ్చిన వారంలోనే ఆ యూనివర్సిటీ హెల్త్ ఫారం డౌన్‌లోడ్ చేసి డాక్టర్‌కు చూపించాలి. వీసా వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆ 28 రోజులు దొరకడమే కష్టం.