అరచేతిలో అరుగు

తెల్లవారుజామున మా కాలనీలో మొదట కూసేది కోడి కాదు, సెల్‌ఫోను. ఒక గులాబిపువ్వు, దాని వెనక సూర్యబింబం, కింద 'శుభోదయం'. ఈ పూల మీద విసుక్కోని వాళ్లు నాబోటి నడివయస్కులలో అరుదు. నేనూ విసుక్కున్నాను. విసుక్కోవడమే కాదు, 'శుభొదయం' అని రాసిన ఒక పెద్దమనిషిని మనసులోనే ఎర్రసిరాతో దిద్దాను కూడాను. తెలుగు పంతులుకు అంతకన్న పని ఏముంటుంది? చివరికి ఆ వాట్సాప్ బృందం చప్పుడు వినిపించకుండా ఫోను నోరు నొక్కి వూరుకున్నాను.

మొన్న చలికాలంలో ఒకనాడు ఆ పలకరింపుల్లో ఒకటి రాలేదు. ఈ వారం ఆ సంగతే చెప్పాలి.

మా కాలనీ కొత్తపేటకూ ఎల్.బి. నగర్‌కూ మధ్య వున్నది. ఇక్కడి పెద్దవాళ్లలో చాలామంది విజయవాడ రోడ్డు వెంటా, సాగర్ రోడ్డు వెంటా నల్లగొండ, ఖమ్మం వైపుల నుంచి వచ్చి, జీతంలో మిగిల్చి జాగా కొనుక్కుని ఇల్లు కట్టుకున్నవాళ్లు. ఇంటిముందు అరుగు వుండేది. సాయంత్రం అక్కడ కూర్చుంటే వచ్చేవాడూ పోయేవాడూ పలకరించేవాడు. తరువాత ఇళ్లు పోయి అపార్టుమెంట్లు లేచాయి. అరుగు వున్నచోట కార్లు నిలబడ్డాయి. పిల్లలు గచ్చిబౌలికో డల్లాస్‌కో వెళ్లారు. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్‌కు మెట్రో రైలు వచ్చిన మాట నిజమే. ఎక్కితే మియాపూర్‌దాకా సుమారు 29 కిలోమీటర్లు హాయిగా పోవచ్చు. కాని మోకాళ్లు మొరాయించిన వారికి మియాపూరూ అమెరికాయే!

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు, పాలు ఎక్కడ దొరుకుతాయి, మందులు ఎవరు తెస్తారు అని తెలుసుకోవడానికి మా రిటైర్డ్ హెడ్మాస్టరుగారు ఈ బృందం పెట్టారు. ఆ అక్టోబరులో కుండపోత వాన కురిసి, సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీలు నీట మునిగి, వీధుల్లో పడవలు తిరిగినప్పుడు, కింది వాటాల్లో వున్న ముసలివాళ్లను పై అంతస్తులకు చేర్చిందీ ఈ బృందమే. ఆపద గడిచాక ఎవరి తలుపులు వాళ్లు వేసుకోలేదు. అదీ విశేషం.

మా పక్క బ్లాకు మూడో అంతస్తులో ఒక పెద్దమ్మ ఒక్కతే వుంటుంది. ఒక్కడే కొడుకు, డల్లాస్‌లో ఉద్యోగం. ఆవిడకు రాయడం చేతకాదు. అందుకని రోజూ పావుతక్కువ ఆరుకు మాటే రికార్డుచేసి పంపుతుంది: "అందరు మంచిగున్నరా?" అంతే. ఆ రోజు ఆరున్నర అయినా ఆ గొంతు వినపడలేదు. నాకు హెడ్మాస్టరుగారి ఫోను వచ్చింది.

"సారూ, అక్క ఇయ్యాల పలుకలేదు. ఫోను చేస్తే ఎత్తుతలేదు. మీరు పక్కనే ఉన్నరు గద, జర పోయి చూడుండ్రి."

వెళ్లాను. ఎదురింటి వారి దగ్గర రెండో తాళంచెవి వున్నది. అది కూడా బృందం చేసిన ఏర్పాటేనట, నాకు తెలియదు. తలుపు తీసేసరికి పెద్దమ్మ స్నానాలగదిలో పడివున్నది. తుంటి విరిగింది. అయిదింటికి జారిందట. 108కి ఫోను చేసి పక్కన కూర్చుంటే ఆవిడ అడిగిన మొదటి మాట, "ఫోనేది కొడుకా? అందరు నా కోసం చూస్తుంటరు."

డల్లాస్‌లో అప్పుడు ముందురోజు సాయంత్రం. కొడుకు వెక్కివెక్కి ఏడ్చాడు. ఎంత ఏడ్చినా అతను విమానం దిగేసరికి రెండు రోజులు పట్టింది. అతని తప్పు కాదు, దూరం అటువంటిది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఆవిడ వాకర్ పట్టుకుని నడుస్తోంది.

ఆ రాత్రి నాకు సిగ్గు వేసింది. నేనూ రోజూ క్లాసులో హాజరు వేస్తాను. రానివాడి పేరు పక్కన సున్న చుట్టి పాఠంలోకి వెళ్లిపోతాను. ఈ పెద్దలు రానివారి ఇంటికి వెడతారు! నేను చెత్త అనుకున్న ఆ గులాబిపువ్వు నిజానికి 'ప్రెజెంట్ సార్' అన్న మాట.

ఈ అరుగు మీద అంతా అమృతమే అని నేను అనను. మధుమేహానికి ఆకుపసరు వైద్యాలు, రాజకీయపు రగడలు ఇక్కడా వున్నాయి. వైద్యం కబురు వస్తే రిటైర్డ్ నర్సమ్మగారు సరే అనేదాకా ఎవరూ నమ్మకూడదని ఒక కట్టడి పెట్టుకున్నారు. పోయిన ఏడు ఒక పెద్దాయనకు పోలీసు దుస్తుల్లో ఎవడో వీడియోలో కనిపించి, 'డిజిటల్ అరెస్టు' చేశాం, ఎవరికీ చెప్పవద్దు అన్నాడు. ఆయన చెప్పేశాడు! మన చట్టంలో అటువంటి అరెస్టే లేదని నలుగురూ ఒక్కసారి అరిచారు. డబ్బు దక్కింది. ఆ మోసగాళ్లకు కావలసింది ఒంటరి మనిషి. నలుగురిలో వున్నవాడి దగ్గర వాళ్ల పప్పులుడకవు.

మీ వీధిలోనూ ఇటువంటిది పెట్టుకోదలిస్తే నాలుగు మాటలు. సభ్యులు నడిచి వచ్చే దూరంలో వుండాలి. ఎక్కడో వున్నవాడు సానుభూతి పంపగలడు గాని తలుపు తట్టలేడు. రెండో తాళంచెవి ఎవరి దగ్గర వున్నదో, పిల్లల నంబర్లేమిటో, వాడే మందులేమిటో ఒకచోట రాసివుండాలి. ఫోను లేనివారి పలకరింపు పక్కింటివారు వేయాలి. సైబరు మోసానికి 1930, వృద్ధుల కష్టసుఖాలకు 14567 గోడమీద రాసుకోవాలి. ఈ రెండవదానికి నాంది పలికింది మన హైదరాబాదే. కన్నపిల్లలు చూడకపోతే పోషణ కోరడానికి 2007 నాటి చట్టం వున్నది. కాని పడిపోయిన మనిషిని లేవదీయడానికి చట్టం కాదు, పక్కింటివాడు రావాలి.

ఇప్పుడు నా ఫోనుకు మళ్లీ నోరు వచ్చింది. రోజూ పొద్దున్నే నేనూ 'శుభోదయం' పంపుతున్నాను, అక్షరదోషం లేకుండా! మొదటిరోజు హెడ్మాస్టరుగారు వెంటనే జవాబిచ్చారు:

"సారూ, మీ హాజరు పడ్డది."