విహారయాత్రలో లేని ఊళ్ళు

ఏటా మా బడి పిల్లల్ని విహారయాత్రకి బస్సెక్కిస్తాం. అమరావతి స్తూపం, ఉండవల్లి గుహలు, నాగార్జునసాగర్. చూపించి నోట్సు రాయిస్తాం. బాగానే ఉంది. మరి కారంచేడు ఎందుకు పోం? చుండూరు ఎందుకు పోం? స్టాఫ్ రూములో ఈ మాటంటే, "అవన్నీ గొడవలు మాస్టారూ, పిల్లలకెందుకు?" అన్నారు. రాజులు నరుక్కుంటే చరిత్రంట, మావాళ్ళని నరికితే గొడవంట!

బడి తీసుకుపోకపోతే ఇల్లే తీసుకుపోవాల. మొన్న సెలవుల్లో కారు కిరాయికి మాట్లాడి మా ఆవిణ్ణీ, ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని పోయాను. లాడ్జీలతో పనిలా. చీరాల విజయనగర్ కాలనీలో మా పెద్దమ్మ ఉంది.

ఆ కాలనీ ఎట్టా పుట్టింది? 1985 జులై 16న కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళలో గేదెల కుడితి కలుపుతుంటే, ఇదేందని అడిగారు. కొట్టబోతే సువార్త బిందె ఎత్తింది. అంతే. మర్నాడు కమ్మ భూస్వాములు పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. ఆడవాళ్ళని చెరిచారు. మిగిలినోళ్ళు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. తిరిగి ఆ ఊరు పోమన్నారు, పోలేదు. ఆ సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు ముందు నిలబడ్డారు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవి వదిలేసి బొజ్జా తారకం వచ్చారు.

మా పెద్దమ్మ పిల్లలకి అన్నం పెట్టింది. "అక్కడ మీ ఇల్లేమైంది నాయనమ్మా?" అని మా అమ్మాయి అడిగింది. "ఏమో తల్లీ. మళ్ళీ చూళ్ళా" అంది.

అక్కణ్ణించి బాపట్ల, పొన్నూరు మీదుగా చుండూరు. 1991 ఆగస్టు 6. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగువు పెంచి పెంచి, పోలీసులు ఊళ్ళో ఉండగానే ఎనిమిదిమందిని వెంటాడి నరికారు. శవాల్ని గోనెల్లో కట్టి కాలవలో వేశారు. ఆ శవాల్ని ఊళ్ళోనే పూడ్చి, ఆ నేలకి రక్తక్షేత్రమని పేరు పెట్టుకుంది బాధితులే. కొట్లాడి ఊళ్ళోకే ప్రత్యేక కోర్టు తెప్పించుకుందీ వాళ్ళే. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్ళందర్నీ వదిలేసింది. నేను లెక్కల మాస్టర్ని. శవాలు ఎనిమిది, హంతకులు సున్నా. ఈ లెక్క ఏ తరగతిలో చెప్పమంటారు?

చుండూరులో చచ్చిపోయింది మాలలు. మేం మాదిగలం. అక్కడ ఓ ముసలాయన "ఎవురు బాబూ మీరు?" అన్నాడు. "కారంచేడు వాళ్ళ తాలూకు" అన్నాను. "అయితే చుట్టాలే, రండి" అని మంచం వాల్చాడు.

అమెరికాలో 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపిన లొరెయిన్ మోటెల్‌ని 1991లో మ్యూజియంగా తెరిచారు. చుండూరు జరిగింది అదే ఏడు. అక్కడి నల్లవాళ్ళు పిల్లల్ని కారులో తీసుకుపోయి ఆ మోటెల్నీ, సెల్మా వంతెన్నీ చూపిస్తారు. అక్కడ న్యాయం దొరికేసిందని కాదు నేననేది. జరిగినదాన్ని జరగలేదని అనే వీల్లేకుండా చేసుకున్నారు.

"ఇట్టాంటివి చూపిస్తే పగలు పెరుగుతాయి" అంటారు. పగ పెంచింది నరికినోడా, చూపించినోడా? మా పిల్లలు దారంతా ఒకటే అడిగారు: బిందె ఎత్తినామె ఎంత ధైర్యస్తురాలని.

చీరాల, కారంచేడు, చుండూరు మూడూ 2022 నుంచి బాపట్ల జిల్లాలోనే ఉన్నాయి. ఒక్క పగటి దారి. కలెక్టర్లనీ, విద్యాశాఖనీ, తోటి టీచర్లనీ అడుగుతున్నాను. ఈ మూడూళ్ళనీ విహారయాత్ర జాబితాలో రాయండి. చుండూరులో బోర్డు పెట్టి చంపిన సంగతీ, వదిలేసిన సంగతీ రెండూ రాయండి. పిల్లల భోజనాలకి డబ్బుల్లేవంటే చెప్పండి, మా చుట్టాలు వండి పెడతారు. మీ పిల్లల్ని మా ఇళ్ళల్లో తిననిస్తారో లేదో అదొక్కటి మీరు తేల్చుకోండి.