రెండోసారి తెరిచిన పుస్తకం

'ఆవృత్తి' అనే మాట ఇప్పుడు పారాయణం చేసేవారి నోట మాత్రమే వినిపిస్తున్నది. ఒక గ్రంథాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒకసారి పూర్తిచేస్తే అది ఒక ఆవృత్తి. రామాయణం పట్టినవారు ఎన్ని ఆవృత్తులు అయ్యాయో చెప్పుకుంటారే గాని ఎన్ని గ్రంథాలు అయ్యాయో చెప్పుకోరు. ఏడాది చివర చదివిన పుస్తకాల సంఖ్యను ప్రకటించుకునే నేటి పుస్తకప్రియుల లెక్కలో మాత్రం ఒకే నవలను ఐదుసార్లు చదివిన పాఠకుడికి దక్కేది ఒక్క అంకె. ఆ కొలతతో చూస్తే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు తయారుచేసిన పాఠకులు చాలామంది వెనుక వరుసలోకి పోతారు. ఆ సీమలో చదువంటే చాలాకాలం పాటు తిరిగి చదవడమే, అదీ మాట మాటకూ ఆగుతూ చదవడమే.

ప్రొద్దుటూరు కేంద్రంగా జంటగా అవధానాలు చేసిన దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేష శాస్త్రి ఆ పద్ధతికి పాత తరం ప్రతినిధులు. చుట్టూ కూర్చున్న పృచ్ఛకులు, అంటే ప్రశ్నించేవారు, తలా ఒక సమస్య ఇస్తుంటే కాగితం ముట్టకుండా వంతుకొక పాదం చొప్పున పద్యాలు చెప్పుకుపోయి, చివరికి అన్నింటినీ వరుసగా అప్పజెప్పడం అవధానం. ఆ చివరి భాగానికే ధారణ అని పేరు. ప్రబంధాలను కళ్లతో ఒకసారి చూసి పక్కన పెట్టినవారికి ఇది సాధ్యమయ్యే పని కాదు. ఒకరు 'రాణాప్రతాపసింహ చరిత్ర', మరొకరు 'శివభారతం' రాశారన్న సంగతిని బట్టి వారి చదువు కావ్యాల దగ్గరే ఆగిపోలేదనీ, పెన్నా ఒడ్డున కూర్చునే మేవాడు చరిత్రనూ మరాఠా చరిత్రనూ తవ్వుకున్నారనీ తెలుస్తుంది.

అభిరుచి పరంగా చూస్తే పుట్టపర్తి నారాయణాచార్యులు ఇంకొక జాతి పాఠకుడు. అనంతపురం జిల్లా చియ్యేడులో 1914లో పుట్టి, ప్రొద్దుటూరులో తెలుగు పండితుడిగా పనిచేసి, పద్నాలుగు భాషలు తెలిసినవాడని పేరు తెచ్చుకున్న ఈ కవికి భాష నేర్చుకోవడం పాండిత్య ప్రదర్శన కన్నా ముందు ఒక పాఠకుడి అవసరం. ఏ పుస్తకమైనా దాని సొంత నుడిలో తెలియాలనే పట్టుదల అందులో కనిపిస్తుంది. ధర్మానంద కోశాంబి మరాఠీలో రాసిన బుద్ధచరిత్రను తెలుగులోకి తెచ్చినా, విశ్వనాథ సత్యనారాయణ 'ఏకవీర'ను మలయాళంలోకి పంపినా, రెండు ఒడ్లూ తెలిసిన పడవవాడి ధీమా అది. పసితనం దాటీ దాటకముందు రాసిన 'పెనుగొండలక్ష్మి' తర్వాత ఆయనే కూర్చున్న విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథమైంది. తన పుస్తకాన్ని తానే పరీక్ష కోసం చదవవలసి రావడం ఎంత ఇరకాటమో ఊహించుకోవచ్చు: రాసినవాడికి తెలిసిన అర్థం ఒకటి, పరీక్షాధికారి ఆశించే అర్థం మరొకటి. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూ ఆయన 'శివతాండవం' అల్లాడని ఆ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ కావ్యాన్ని గొంతెత్తి చదివినవారికి తెలుస్తుంది, అందులో మాటల ఎంపిక అర్థం కోసం ఎంతో కాలి అడుగు కోసమూ అంతే జరిగింది. నాట్యశాస్త్రాన్ని పుటలకే వదిలెయ్యక లయగా ఒంటపట్టించుకున్నవాడు రాసిన కావ్యం అది.

పుట్టపర్తి చదువులో భక్తి పాలు ఎక్కువైతే, రాచమల్లు రామచంద్రారెడ్డి చదువులో అనుమానం పాలు ఎక్కువ. రా.రా. అనే రెండక్షరాలతో పాఠకులకు గుర్తున్న ఈ విమర్శకుడు పులివెందుల ప్రాంతపు పైడిపాలెంలో 1922లో పుట్టాడు. విద్యార్థి సమ్మెలో పాల్గొని గిండీ ఇంజనీరింగ్ చదువు పోగొట్టుకున్నాడు. 1968లో కడప నుంచి 'సంవేదన' త్రైమాసికాన్ని నడిపాడు. అనుభూతిని గ్రహించి స్పందించే శక్తిని సంవేదన అంటారు. మార్క్సిస్టు విమర్శకుడు తన పత్రికకు 'పోరాటం' వంటి పేరు పెట్టకుండా ఈ పేరు ఎంచుకోవడమే అతని పఠనాభిరుచి ఎటు మొగ్గిందో చెబుతుంది. భావం తనకు నచ్చినదైనంత మాత్రాన రచనకు మార్కులు వేయడం అతనికి చేతకాలేదు. దిగంబర కవులను ఆకాశానికెత్తుతున్న రోజుల్లో వారి కవిత్వాన్ని నిలదీసిన విమర్శకుల్లో అతనొకడు. సొంత పక్షపు రచయితకు రాయితీ ఇవ్వని పాఠకులు ఏ సాహిత్యంలోనైనా అరుదే. అలాంటివారికి స్నేహితులు తక్కువగా ఉండడమూ సహజమే.

ఆ నిలదీత మాట స్థాయిలో ఎలా పనిచేస్తుందో చూడాలంటే 'అనువాద సమస్యలు' తెరవాలి. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేసిన అనుభవంతో రా.రా. రాసిన ఈ గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ ఏడాదే ఆయన కన్నుమూశాడు. పరభాష నుడికారం తెలుగు వాక్యాన్ని ఎక్కడ వంకర తిప్పుతుందో పట్టుకోవడం ఆ పుస్తకం నేర్పే విద్య. ఉదాహరణకు 'ఊరి బయట ఒక చెరువు తవ్వబడింది' అనే వాక్యాన్ని తీసుకుంటే, పని చేసినవాణ్ని వెనక్కి నెట్టి పనిని ముందుకు తెచ్చే ఈ కర్మణి ప్రయోగం వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. అయినా పులివెందుల రైతు ఎవరూ ఆ మాట అనడు. 'ఊరి బయట చెరువు తవ్వించారు' అంటాడు. ఎవరు తవ్వించారో చెప్పకుండానే కర్తను దాచుకునే ఉపాయం తెలుగుకు అంతకుముందే ఉంది. పైగా ఆ 'ఇంచు' ప్రత్యయంలో తవ్వినవారు వేరు, తవ్వించినవారు వేరు అనే సంగతి కూడా ఇమిడి ఉంది. ఇంతటి తేడా ఒక్క క్రియ చివర దాగి ఉంటుందని గమనించే పాఠకుడు గంటకు అరవై పుటలు తిప్పలేడు, తిప్పనవసరమూ లేదు.

యర్రగుంట్ల దగ్గరి రంగసాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి ఇదే శ్రద్ధను పుస్తకాల బయటికి మళ్లించి, కడప జిల్లా ఊళ్ల పేర్లనే పాఠంగా చదివి పరిశోధన చేశాడు. కొడవటిగంటి కుటుంబరావు రచనల సంపుటాలకు సంపాదకత్వమూ వహించాడు. వైద్యుడిగా, ప్రొద్దుటూరు శాసనసభ్యుడిగా పనిచేసిన ఎం.వి.రమణారెడ్డి ఒక ఫ్రెంచి ఖైదీ ఆత్మకథను 'రెక్కలు చాచిన పంజరం'గా తెలుగు చేశాడు. అనువదించడం కన్నా నెమ్మదైన చదువు మరొకటి లేదు.

పండితుల మాట ఇలా ఉంచితే, మామూలు ఇళ్లలో కూడా తిరిగి చదవడం ఒక వస్తువుగా మిగిలింది. వారపత్రికలు రాజ్యమేలిన దశాబ్దాలలో సీరియల్ పుటలను వారం వారం చింపి దాచుకుని, నవల పూర్తయ్యాక అట్టలు వేయించి దారంతో కుట్టించుకునే అలవాటు తెలుగు ఊళ్లన్నిటా ఉండేది. ఆ బైండు పుస్తకాలలో ఒక పుటకు కథ, దాని వెనుక సగం తెగిన జోకు, తలనూనె ప్రకటన. ఎప్పుడైనా ఒక సంచిక దొరకకపోతే అక్కడ కథానాయిక రైలెక్కి, తర్వాతి పుటలో పెళ్లిపీటల మీద కనిపిస్తుంది. ఈ నవలలను విమర్శకులు కాలక్షేపమని తీసిపారేశారు. వాటిలో చాలావాటికి ఆ తీర్పు అన్యాయమేమీ కాదు. అయితే మళ్లీ చదవననుకున్న దానికి ఎవరూ డబ్బిచ్చి బైండు చేయించుకోరు. అభిరుచి సంగతి ఎలా ఉన్నా ఆవృత్తి విషయంలో ఆ ఇల్లాళ్లు అవధానుల వారసులే.

నెమ్మదిగా చదివేవారు పుస్తకంలో గుర్తులు వదులుతారు. అంచున పెన్సిలు గీత, నచ్చనిచోట ఒక ప్రశ్నార్థకం, కఠినపదానికి పక్కనే రాసుకున్న అర్థం, పుటల మధ్య బస్సు టికెట్టు. పాఠకుడు పోయిన తర్వాత ఇవన్నీ పాతకాగితాల బండి ఎక్కుతాయి. మిల్లీగ్రాముల తేడాతో బంగారం తూచే ప్రొద్దుటూరులో కూడా పుస్తకాలను కిలోల లెక్కనే తూస్తారు. శాఖా గ్రంథాలయానికి ఇచ్చినా గతి పెద్దగా మారదు: ముద్రపడి, విషయాల వారీగా విడిపోయి, గీతలున్న ప్రతి చిరిగిన ప్రతితో సమానమై మూలకు చేరుతుంది. ఆస్తిపన్నులో ప్రతి రూపాయి మీదా 8 పైసల గ్రంథాలయ పన్ను కట్టే ప్రజలు ఇంతకన్నా కొంచెం ఎక్కువ అడగవచ్చు.

అడగడానికి ఆధారం ఇదే జిల్లాలో ఉంది. 1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ ఒకే కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి పోల్పించాడు. ప్రతికీ ప్రతికీ మాటలో వచ్చే తేడాను పాఠాంతరం అంటారు. ఆ తేడాలే అతనికి ముఖ్యం గనుక, ఒక ప్రతి ఉండగా రెండోది దండగ అనే మాట అతని దగ్గర చెల్లలేదు. ఆయన నివసించిన చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో గ్రంథాలయం వెలిసి, తర్వాత యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తున్నది. గీతలు గీసి, పక్కన వాదించుకుంటూ చదివిన ప్రతి కూడా ఒక పాఠాంతరమే. అచ్చయిన వేయి ప్రతులలో అలాంటిది అదొక్కటే. ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో పులివెందులలోనో ఒక జీవితకాలపు పాఠకుడి పుస్తకాలను విడదీయకుండా, అతను పేర్చుకున్న వరుసలోనే ఉంచడానికి శాఖా గ్రంథాలయానికి కావలసింది ఒక బీరువా, ఒక జాబితా పుస్తకం, తలుపు మీద అంటించడానికి అతని పేరు రాసిన చీటీ.