ప్యాకేజీల ప్రలోభము, క్రేత వివేకము

వాహనమును కొనదలచినవాడు షోరూములో ప్రవేశించునప్పుడు అతని మనస్సులో ఒకే కోరిక ఉండును. నిష్క్రమించు వేళకు అవి పది అగును. చిన్నది, చురుకైనది, మలుపులలో మాట వినునది అగు ఒక హ్యాచ్‌బ్యాక్ చాలునని వచ్చినవాడు, విక్రేత చూపిన పట్టికను చదివిన పిమ్మట పెద్ద చక్రములు, ఎర్రని బ్రేకు క్యాలిపర్లు, సన్‌రూఫ్, ఖరీదైన స్పీకర్లు లేనిదే ఆ వాహనము అసంపూర్ణమని భావించుచు బయటకు వచ్చును. ఆ కోరికలు అతని జీవితములో నుండి పుట్టినవి కావు, పట్టికలో నుండి పుట్టినవి.

ఇది కేవలము లౌకిక విషయమని సాధకులు త్రోసిపుచ్చదగినది కాదు. శ్రేయస్సును, ప్రేయస్సును వేరుచేసి చూడవలెనని కఠోపనిషత్తు బోధించినది. ఆ వివేచన ధ్యానాసనముపై మాత్రమే జరిగి, ఋణపత్రముపై సంతకము చేయు వేళ నిద్రించుచో దాని వలన ప్రయోజనమేమి? గృహస్థుని వివేకమునకు నిజమైన పరీక్ష ఇట్టి చోటనే జరుగును. కావున క్రీడాశీలమగు హ్యాచ్‌బ్యాక్ కొనునప్పుడు ఏ ప్యాకేజీని స్వీకరింపవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్న విచారణార్హమే.

ముందుగా ఈ జాతి వాహనము యొక్క స్వభావమును గ్రహింపవలెను. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో వోక్స్‌వ్యాగన్ సంస్థ గోల్ఫ్ జీటీఐని ప్రదర్శించినది. 1976లో అమ్మకము ఆరంభమైనది. 1.6 లీటర్ల ఇంజను, 110 అశ్వశక్తి, సుమారు 810 కిలోల బరువు. ఇంతే దాని సంపద. 5,000 వాహనములు అమ్ముడుపోవునని మాత్రమే సంస్థ తొలుత తలచినది. ఆ మొదటి తరములోనే 4,60,000కు పైగా తయారైనవి. సామాన్య కుటుంబమునకు చాలు వెనుక సీటు, సామాను పెట్టుటకు చోటు, దానికి తోడు తేలికదనము వలన కలిగిన చురుకుదనము, ఇవియే జనులను ఆకర్షించిన గుణములు. అలంకారముల పట్టిక కాదు. ఏ వాహనము యొక్క ప్రాణము తేలికదనమో, దానిపై బరువును పెంచు ప్రతి వస్తువు తన ఉనికికి సమాధానము చెప్పవలెను. ఈ ఒక్క సూత్రము మరచిన క్రేత, చురుకైన వాహనము కొరకు ధనమిచ్చి, ఆ చురుకుదనమును తగ్గించు వస్తువుల కొరకు మరల ధనమిచ్చును.

ఇక ప్యాకేజీ అనగానేమి? కొన్ని వస్తువులను ఒకే ముడిలో కట్టి ఒకే ధరకు అమ్ముట. ముడివేయుటలో తయారీదారునకు కొంత న్యాయమైన కారణము కలదు. ప్రతి వస్తువును విడివిడిగా కోరుకొనుటకు అవకాశమిచ్చినచో కర్మాగారములో లెక్కలేనన్ని కలయికలు ఏర్పడును, వ్యయము పెరుగును. కాని ముడికి మరియొక ఫలితము కూడ కలదు. క్రేతకు నిజముగా కావలసిన ఒక వస్తువు, అతనికి అక్కరలేని మూడింటిని తనతో లాగుకొని వచ్చును. 2018లో ఐరోపాలో వచ్చిన ఫోర్డ్ ఫియెస్టా ఎస్‌టీని చూడుడు. 200 అశ్వశక్తి గల ఆ చిన్న వాహనమునకు పర్ఫార్మెన్స్ ప్యాక్ అనునది ఐచ్ఛికము. అందులో క్వైఫ్ సంస్థ రూపొందించిన లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్నది. మలుపు నుండి వెలువడునప్పుడు లోపలి చక్రము వ్యర్థముగా తిరుగకుండ, పట్టు ఉన్న చక్రమునకు శక్తిని పంపు యంత్రభాగమిది. వాహన స్వభావమునే మార్చును. అదే ముడిలో లాంచ్ కంట్రోల్, గేరు మార్చు క్షణమును సూచించు దీపములు కూడ ఉన్నవి. నిలిచియున్న వాహనమును అత్యంత వేగముగా ముందుకు ఉరికించు లాంచ్ కంట్రోల్‌ను, ఉదయమున బిడ్డను పాఠశాలకు దింపు గృహస్థుడు ఏడాదికి ఎన్నిమారులు వాడును? కావున ముడి ధరను చూచినప్పుడు విజ్ఞుడు వేయవలసిన మొదటి ప్రశ్న ఇది: ఈ ముడిలో నాకు పనికివచ్చునది ఏది? దాని ఒక్కదాని కొరకే ఈ మొత్తమును ఇచ్చుటకు మనస్సు అంగీకరించునా? అంగీకరించినచో మిగిలినవి అదనపు లాభము. అంగీకరింపనిచో ముడి మొత్తము వ్యర్థము.

దీనికంటె తీక్ష్ణమైన దృష్టాంతము టొయోటా జీఆర్ యారిస్. 2020లో వెలువడిన ఈ మూడు తలుపుల వాహనమునకు బ్రిటనులో రెండు ప్యాకులు ఉండినవి. కన్వీనియెన్స్ ప్యాకులో మార్గదర్శక పటము, పార్కింగ్ సెన్సార్లు, ముందు అద్దముపై వేగమును చూపు హెడ్-అప్ డిస్‌ప్లే మొదలగునవి. సర్క్యూట్ ప్యాకులో ముందు వెనుకల టోర్సెన్ డిఫరెన్షియళ్లు, తేలికైన ఫోర్జ్‌డ్ చక్రములు, మరింత పట్టు గల టైర్లు, గట్టిపరచిన సస్పెన్షన్. రెండింటిని కలిపి తీసుకొనుటకు వీలు లేకుండెను. క్రేత ఒక మార్గమునే ఎన్నుకొనవలెను.

ఇచ్చట తొందరపడి ఒక నిర్ణయమునకు వచ్చువారు కలరు. సౌకర్యము ప్రేయస్సనియు, కఠినమైన సర్క్యూట్ ప్యాకు శ్రేయస్సనియు వారు తలతురు. ఇది పొరపాటు. రేసుమార్గమును ఎన్నడును చూడనివాడు, ఇరుకైన నగరవీథిలో నివసించువాడు, మిత్రుల ఎదుట చెప్పుకొనుటకై సర్క్యూట్ ప్యాకును కొనినచో, అది తపస్సు వేషము ధరించిన అహంకారమే. అట్టివానికి గోడకు తగులకుండ కాపాడు పార్కింగ్ సెన్సారే శ్రేయస్సు. పర్వతమార్గములలో నిత్యము ప్రయాణించువానికి, సెలవు దినములలో సర్క్యూటునకు పోవువానికి డిఫరెన్షియలే శ్రేయస్సు. వస్తువు ఒకటే, అధికారి మారినచో దాని విలువ మారును. బ్రిటనులోనో అమెరికాలోనో ఉద్యోగము చేయుచు, స్వదేశమందలి బంధువులకు చిత్రములు పంపుటకై చక్రముల పరిమాణమును ఎన్నుకొను తెలుగు యువకుడు ఈ విషయమును ఒకమారు ఆలోచింపవలెను. చక్రము తిరుగునది తన రోడ్డుపై, బంధువుల ఫోనులో కాదు.

అయితే ఒక తరగతి వస్తువుల విషయములో అధికారిభేదము లేదు. అవి ప్రాణరక్షణ సాధనములు. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఒకప్పుడు ఐరోపాలో అనేక చిన్న కార్లకు ఐచ్ఛికము. 2014 నవంబరు నుండి అచ్చట ప్రతి క్రొత్త కారుకు తప్పనిసరి. తనంతట తాను బ్రేకు వేయు వ్యవస్థ కూడ ఒకనాడు ప్యాకేజీలోని అంశమే; 2024 జూలై నుండి ఐరోపా సమాఖ్యలో క్రొత్త కార్లన్నింటికిని విధి అయినది. యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2016లో రెండు విధముల నక్షత్రములను ప్రకటించుట ఆరంభించినది: ప్రామాణిక సామగ్రితో ఒకటి, రక్షణ ప్యాకుతో మరియొకటి. అనగా ఒకే నమూనా కారు, ప్యాకు కొనినవానికి ఒక రక్షణ, కొననివానికి మరియొక రక్షణ. భారతదేశమున డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై 1 నుండి తప్పనిసరి అయినది. ముందు సీటులోని ప్రయాణికునికి 2021లో ఆ నియమము విస్తరించినది. అంతకు పూర్వము అది కూడ ధనమున్నవాని వేరియంటుకే పరిమితము. నిన్నటి ఐచ్ఛికము నేటి చట్టమగుచున్నదనగా, ఆ వస్తువు మొదటి నుండియు ఐచ్ఛికము కానేకాదని తేటతెల్లమగుచున్నది. చట్టము వచ్చువరకు వేచియుండుట పాలకుల రీతి కావచ్చును. తల్లిదండ్రులను వెనుక సీటులో కూర్చుండబెట్టుకొనువాని రీతి కారాదు.

మన దేశములో ప్యాకేజీలకు బదులుగా వేరియంట్లు ఉండును. ముడి మరింత బిగువైనది. కొన్ని వాహనములలో రక్షణ సాధనములు కావలెనన్నచో సన్‌రూఫ్‌తో కూడిన పై వేరియంటునే కొనవలసి వచ్చును. ఇది అనుచితము. ప్రాణరక్షణను విలాసమునకు కట్టివేయుట వలన మధ్యతరగతి క్రేత రెంటిలో ఒక అన్యాయమునకు గురియగును: అక్కరలేనిదానికి ధనమిచ్చుట, లేదా అవసరమైనదానిని వదలుకొనుట. దీనికి విరుద్ధమైన మంచి దృష్టాంతము లేకపోలేదు. 2023లో నవీకరింపబడిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో 6 ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలోను ఉన్నవి; 1 లీటరు టర్బో ఇంజను ఇచ్చు 120 అశ్వశక్తియు క్రింది వేరియంటు కొనువానికి తగ్గదు. అట్టి చోట క్రింది వేరియంటును ఎన్నుకొనువాడు నష్టపోవునది కొన్ని సౌకర్యములను మాత్రమే. ఆ నిర్ణయములో లోపము లేదు, లజ్జింపవలసినదియు లేదు.

తరువాతి విభజన కాలమునకు సంబంధించినది. కొన్ని వస్తువులు కర్మాగారములోనే అమరవలెను. కొన్ని ఎప్పుడైనను అమర్చుకొనవచ్చును. ఎయిర్‌బ్యాగులు, డిఫరెన్షియల్, పెద్ద బ్రేకులు, ఎలక్ట్రానిక్ రక్షణ వ్యవస్థలు మొదటి కోవకు చెందినవి. ఏడవ తరము గోల్ఫ్ జీటీఐలో పర్ఫార్మెన్స్ ప్యాక్ ఐరోపాలో అశ్వశక్తిని 220 నుండి 230కి పెంచినది. ఆ పది అశ్వశక్తులను సామాన్య చాలకుడు గుర్తింపజాలడు. కాని దానితో వచ్చిన పెద్ద బ్రేకులు, ఎలక్ట్రానిక్ నియంత్రణ గల డిఫరెన్షియల్ తరువాత బిగించుకొనుటకు సులభమైనవి కావు. ప్రకటనలో పెద్ద అక్షరములతో కనిపించునది అశ్వశక్తి. వాస్తవముగా విలువైనవి చిన్న అక్షరములలోని బ్రేకులు. మంచి టైర్లు, స్పీకర్లు, సీటు తొడుగులు, మ్యాట్లు రెండవ కోవకు చెందినవి. వీటి కొరకు నేడే ఋణము పెంచుకొననక్కరలేదు.

పెద్ద చక్రముల విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. చక్రము పెద్దదగుచో టైరు ప్రక్కగోడ పలుచబడును. మలుపులో స్పందన కొంత పెరుగును. చూపునకు అందము వచ్చును. కాని గుంత తగిలినప్పుడు ఆ దెబ్బను భరింపవలసిన గాలిపొర తగ్గును. చక్రము వంగుట, టైరు ప్రక్కగోడ ఉబ్బుట, క్రొత్త టైరు ధర అధికమగుట, వెనుక సీటులోని వృద్ధుల నడుము నొచ్చుట దీని ఫలములు. వర్షాకాలములో నీటి క్రింద గుంత దాగియుండు మన రోడ్లపై, ఒక అంగుళము తక్కువ చక్రమును ఎన్నుకొనువాడే బుద్ధిమంతుడు.

ఇక ధనవిచారణ. ఒక లక్ష రూపాయల ప్యాకేజీని ఋణములో కలిపి, 9 శాతము వడ్డీపై 5 సంవత్సరములు చెల్లించినచో నెలకు సుమారు 2,076 రూపాయలు అగును. మొత్తము చెల్లింపు సుమారు 1,24,500. వాహన ధరపై శాతముగా నిర్ణయింపబడు జీవితకాల పన్ను, భీమా రుసుము దీనికి అదనము. ఐదేండ్ల పిమ్మట వాహనమును విక్రయించునప్పుడు క్రొత్త యజమాని వాహనమునకు వెల కట్టును. పాతబడిన తెరకు, రంగుదారముల కుట్టునకు వెల కట్టడు. విక్రేత మాత్రము ఈ గణితమును ఇట్లు చెప్పడు. నెలకు రెండువేలే కదా అనును. నెలకు రెండువేలను అరువది మారులు లెక్కింపవలసిన బాధ్యత క్రేతదే.

ఇచ్చట ఒక ఆక్షేపము వచ్చును. వేగము కొరకు కొను వాహనమే విలాసము కదా, అందులో ఇంత విచారణ ఎందులకని. ఆనందమును కోరుట దోషము కాదు. కామము కూడ పురుషార్థములలో ఒకటిగా పరిగణింపబడినది. అది ధర్మమును, అర్థమును అతిక్రమింపరాదన్నదే నియమము. చక్కగా నిర్మింపబడిన వాహనమును నేర్పుతో, నియమము తప్పక నడుపుటలో ఒక నిర్మలమైన ఆనందమున్నది. ప్యాకేజీల భారము వలన ఆ ఆనందము పెరుగదు. నెలసరి చెల్లింపుల చింత దానిని హరించును.

కావున కొనదలచినవాడు షోరూమునకు పోకముందే ఒక కాగితముపై తన గత సంవత్సరపు ప్రయాణములను వ్రాసికొనుట మేలు. ఎచ్చటికి, ఎవరితో, ఏ రోడ్డుపై? ఆ పిమ్మట ప్రతి ప్యాకేజీని ఈ క్రమములో పరీక్షింపవలెను: మొదట ఆపునది, తరువాత రక్షించునది, తరువాత మలుపులో నిలుపునది, తరువాత అలసట తగ్గించునది, చివరకు చూపునకు అందమిచ్చునది. ధనము ఎచ్చట ముగియునో అచ్చటనే ఆగవలెను. క్రమమును తలక్రిందులు చేయరాదు.

క్రొత్త వాహనమును ఆలయమునకు తెచ్చి పూజ చేయించువారు చక్రముల క్రింద నిమ్మకాయలనుంచి వాహనమును ముందుకు నడుపుదురు. ఆ ఒక్క క్షణము అందరి దృష్టియు టైరుపై నిలుచును. వాహనమంతటిలో భూమిని తాకునది అదియే. అరచేతి వెడల్పు రబ్బరుపై కుటుంబమంతయు ఆధారపడియున్నది. ఆ దృష్టి పూజనాడు కాక, కొనుగోలు పట్టికపై సంతకము చేయుటకు ముందే కలిగినచో ఎంత మేలు.