సింహాసనం వెనుక దేవుడు

భూమి మీది రాజ్యాలన్నీ దేవుడి అధీనంలో ఉంటాయని, ఆయన తలచినవాడే గద్దెనెక్కుతాడని, ఆయన వద్దనుకున్నవాడు దిగిపోతాడని చెప్పే నమ్మకం చాలా మతాల్లో ఉంది. లోకంలోని అధికారాలన్నీ దేవుడు నియమించినవేనని పౌలు రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం బోధిస్తుంది. మనుస్మృతి 7వ అధ్యాయం ప్రకారం రాజు ఇంద్రుడు, యముడు, సూర్యుడు మొదలైన 8 మంది దేవతల అంశలతో పుడతాడు. పసివాడైనా సరే, అతన్ని మామూలు మనిషిగా చూడకూడదు. ప్రాచీన చైనాలో చక్రవర్తి ఆకాశం ఆజ్ఞతో ఏలేవాడు. శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదన్న తెలుగు సామెతదీ ఇదే ధోరణి.

ఈ నమ్మకంలో మొదటి లోపం తర్కానికి సంబంధించినది. ఏం జరిగినా దేవుడి చిత్తమే అనే మాట ఏ సంఘటననూ వివరించదు. రాజు గెలిస్తే అనుగ్రహం, ఓడితే ఆగ్రహం, దుర్మార్గుడు 30 ఏళ్లు ఏలితే పరీక్ష. ఏ ఫలితం వచ్చినా సరిపోయే సమాధానం ఏ ఫలితాన్నీ ముందుగా చెప్పలేదు. చైనాలో షాంగ్ వంశాన్ని కూలదోసిన ఝౌ వంశం, ఆకాశం ఆజ్ఞ తమకు బదిలీ అయిందని ప్రకటించుకుంది. ఆ ఆజ్ఞ ఎవరి పక్షాన ఉందో యుద్ధం ముగిశాకే తేలింది.

17వ శతాబ్దపు ఇంగ్లండు ఇందుకు చక్కని ఉదాహరణ. మొదటి జేమ్స్ 1610లో పార్లమెంటులో మాట్లాడుతూ రాజులను దేవుళ్లతో పోల్చాడు. అతని కొడుకు మొదటి చార్లెస్ పార్లమెంటుతో యుద్ధానికి దిగాడు. 1645లో నేజ్బీ దగ్గర రాజు సేన ఓడిపోతే, ఆ విజయం దేవుడిదేనని పార్లమెంటు సేనాని క్రామ్వెల్ రాశాడు. రాజును విచారించే అధికారం భూమి మీద ఏ న్యాయస్థానానికీ లేదని చార్లెస్ వాదించాడు. 1649 జనవరి 30న అతని తల నరికారు. 1660లో అతని కొడుకు తిరిగొచ్చి గద్దెనెక్కాడు. దాన్నీ దేవుడి దయగానే చెప్పుకున్నారు. తండ్రి మరణానికి, కొడుకు రాకకు చర్చిలో ప్రత్యేక ప్రార్థనలు ఏర్పాటయ్యాయి. అవి 1859 దాకా ఇంగ్లండు ప్రార్థనల పుస్తకంలో నిలిచాయి. రాజును చంపినవారికీ, చచ్చిన రాజుకూ, తిరిగొచ్చిన రాజుకూ సాక్షి ఒక్కడే. మూడు పక్షాలకూ అనుకూలంగా పలికే సాక్ష్యానికి విలువ లేదు.

రెండో లోపం, బాధ్యత చేతులు మారడం. తిరువాన్కూరు రాజు మార్తాండ వర్మ యుద్ధాలతో పొరుగు రాజ్యాలను కలుపుకుని, 1750లో రాజ్యాన్నంతా పద్మనాభస్వామికి సమర్పించాడు. ఆపై అక్కడి రాజులు పద్మనాభదాసులుగా ఏలారు. గెలుచుకున్న భూమి దేవుడి ఆస్తి అయ్యాక, రాజును ఎదిరించడం దేవుడిని ఎదిరించడంతో సమానమైంది. ఆ దేవుడి రాజ్యంలోనే వైకోం ఆలయం చుట్టూ ఉన్న దారుల్లో అవర్ణులకు నడిచే హక్కు ఉండేది కాదు. 1924లో మొదలైన సత్యాగ్రహం 20 నెలలు సాగాక మూడు వైపుల దారులు తెరుచుకున్నాయి. ఆలయ ప్రవేశానికి 1936 దాకా ఆగాల్సి వచ్చింది. అందుకు అనుమతిచ్చిన శాసనంపై సంతకం చేసింది రాజు. ఆ సంతకం దాకా తెచ్చింది మాత్రం ఎండలో, వరదనీటిలో నిలబడిన మనుషులు.

నమ్మకానికి మరో పార్శ్వమూ ఉందని వాదించేవారున్నారు: రాజుకు పైన దేవుడున్నాడంటే రాజు సర్వాధికారి కాదని అర్థం కదా! ఈ వాదనలో కొంత నిజముంది. 1934లో బార్మెన్‌లో సమావేశమైన జర్మన్ క్రైస్తవులు, చర్చి రాజ్యానికి లోబడిన అంగం కాదని ప్రకటించారు. అదే సమయంలో హిట్లర్‌ను ఆకాశానికెత్తిన క్రైస్తవులూ అదే బైబిలు చదివారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను సమర్థించినవారు రోమా పత్రిక 13వ అధ్యాయాన్ని చూపితే, అక్కడి క్రైస్తవ వేదాంతులే రాసిన 1985 నాటి కైరోస్ పత్రం ఆ వాడకాన్నే ఖండించింది. ఒకే వాక్యం రెండు వైపులా పనిచేస్తున్నప్పుడు, ఏ వైపు నిలవాలో నిర్ణయించింది వాక్యం కాదు, చదివేవాడి వివేకం. ఆ వివేకం దేవుడి పేరెత్తకుండానే పనిచేయగలదు.

అధికారానికి దేవుడి పేరు అవసరమా అన్న ప్రశ్న భారత రాజ్యాంగ సభ ముందుకూ వచ్చింది. పీఠికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలని 1949 అక్టోబరు 17న హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించారు. నమ్మకం వ్యక్తిగతమైనదని, దాన్ని అందరి మీదా రుద్దకూడదని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. ఓటింగులో అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 వచ్చాయి. ఆ సభలో ఆస్తికులకు కొదవ లేదు. అయినా నమ్మకం ఒకటి, అధికారానికి ఆధారం మరొకటి అని సభ తేల్చింది. 60వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి దైవసాక్షిగా ప్రమాణం చేయవచ్చు, దేవుడి ప్రస్తావన లేకుండానూ చేయవచ్చు. పీఠిక మాత్రం ప్రజల పేరుతోనే మొదలవుతుంది.