విత్తనాలపై మేధో సంపత్తి హక్కులు: రైతు తెలుసుకోవాల్సినవి

బుద్ధితో, పరిశోధనతో కొత్తగా రూపొందించిన వాటిపై చట్టం ఇచ్చే హక్కులను మేధో సంపత్తి హక్కులు అంటారు. ఈ మాట వినగానే చాలామంది రైతులు సొంత విత్తనం దాచుకోవడానికే భయపడుతున్నారు. అసలు ఇది ఒకే హక్కు కాదు. విత్తనాల విషయంలో మూడింటిని వేరుగా చూడాలి.

పేటెంట్: 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(జె) ప్రకారం మొక్కలకు, విత్తనాలకు, రకాలకు మన దేశంలో పేటెంట్ ఇవ్వరు.

ట్రేడ్‌మార్క్: సంచిపై ఉన్న పేరు, గుర్తు కంపెనీవి. వాటిని ఇతరులు వాడకూడదు.

రకం నమోదు: మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001 కింద కొత్త రకాన్ని నమోదు చేసుకోవచ్చు. పంటలకు గరిష్ఠంగా 15 ఏళ్లు, చెట్లకు, తీగజాతి మొక్కలకు 18 ఏళ్లు రక్షణ ఉంటుంది.

అయితే ఇదే చట్టంలోని సెక్షన్ 39 రైతుకూ హక్కు ఇచ్చింది. నమోదైన రకమైనా సరే, తన పొలంలో పండిన విత్తనాన్ని రైతు దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండ్ వేసి అమ్మకూడదు, అంతే.

2019లో గుజరాత్‌లో తన బంగాళాదుంప రకాన్ని పండించారని పెప్సికో నలుగురు రైతులపై ఒక్కొక్కరి నుంచి రూ.1.05 కోట్లు కోరుతూ కేసు వేసింది. రైతు సంఘాలు సెక్షన్ 39ను చూపి నిరసన తెలపడంతో మే నెలలో వెనక్కి తీసుకుంది. ఆ రకం నమోదును 2021 డిసెంబరులో ప్రాధికార సంస్థ రద్దు చేసింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఆ రద్దును కొట్టివేసింది. ఆ వివాదం నమోదు గురించినది. సెక్షన్ 39 మాత్రం అలాగే ఉంది.

రైతులు పాటించాల్సినవి:

• సూటి రకాల విత్తనమే దాచుకోండి. హైబ్రిడ్ విత్తనాన్ని తిరిగి విత్తితే గుణాలు చెదిరి దిగుబడి తగ్గుతుంది.

• పొరుగు రైతుకు విత్తనం అమ్మితే మామూలు గోనె సంచిలోనే ఇవ్వండి. కంపెనీ సంచి, లేబుల్ వాడొద్దు.

• బిల్లు, ఖాళీ సంచి, లేబుల్ పంట చేతికొచ్చేదాకా భద్రపరచండి. నమోదైన రకం చెప్పినంత దిగుబడి ఇవ్వకపోతే సెక్షన్ 39(2) కింద పరిహారం కోరవచ్చు.

• కంపెనీకి విత్తనోత్పత్తి చేసేవారు ఒప్పందం చదివి, ప్రతి తీసుకున్నాకే సంతకం చేయండి.

• లీగల్ నోటీసు వస్తే కంగారుపడి డబ్బు కట్టొద్దు, సంతకం పెట్టొద్దు. హక్కు ఉందని తెలియక చేసినదాన్ని సెక్షన్ 42 ఉల్లంఘనగా పరిగణించదు. నోటీసుతో జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. అర్హులకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది.