గుంటూరు డాక్టర్ సిస్టర్

సిస్టర్ అనగానే మీకేం గుర్తొస్తుంది? తెల్లటి ముసుగు, మెడలో సిలువ, హోంవర్క్ చేయకపోతే చేతిమీద స్కేలుదెబ్బ! కాన్వెంటులో చదివిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కబుర్లు ఉండనే ఉంటాయి. ఈ వారం నేను చెప్పబోయే సిస్టర్ కూడా పాఠాలు చెప్పినావిడే. కాకపోతే ఆవిడది పలకాబలపాల బడి కాదు. మందులగది, పురుటిగది - ఇవే ఆవిడ తరగతులు.

ఆవిడ పేరు మేరీ గ్లౌరీ. 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బిర్రెగర్రా అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తొమ్మిదిమంది పిల్లల్లో మూడవ ఆవిడ. స్కాలర్‌షిప్పు తెచ్చుకుని మెల్‌బోర్న్ యూనివర్సిటీలో మొదట బి.ఏ.లో చేరి, తర్వాత వైద్యానికి మారి, 1910లో డాక్టరయ్యారు. ఆడ డాక్టరంటే జనం వింతగా చూసే రోజులవి. అయినా ఆ ఊళ్ళోనే కళ్ళు, చెవుల ఆసుపత్రిలో పని, పేరున్న డాక్టర్లు బోర్డులు కట్టే కాలిన్స్ వీధిలో సొంత ప్రాక్టీసు. హాయిగా స్థిరపడిపోవచ్చు కదా అంటారు మీరు. నేనూ అదే అంటాను!

1915లో ఓ చిన్న పుస్తకం ఆవిడ చేతికొచ్చింది. ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ కథ. ఆవిడ అరవై దాటాక క్యాథలిక్ మతం తీసుకుని, మన దేశానికి వచ్చి, రావల్పిండిలో ఆడవాళ్ళ ఆసుపత్రికి పునాది వేయించిన మనిషి. ఘోషాలో ఉండే స్త్రీలు ప్రాణం పోతున్నా మగ డాక్టరుకు చేయి చూపించరని, కాన్పుల్లో తల్లీబిడ్డా ఇద్దరూ పోతున్నారని, ఆడ డాక్టర్లు వెళితే తప్ప దారి లేదని ఆవిడ బాధ. ఆ పుస్తకం మూసేసరికి మేరీకి తన పని ఎక్కడుందో తెలిసిపోయింది.

తెలిసినంతమాత్రాన మర్నాడే ఓడ ఎక్కలేదు లెండి. ఒకపక్క మొదటి ప్రపంచయుద్ధం. ఆ అయిదేళ్ళూ ఆవిడ ఊరికే కూర్చోలేదు. 1916లో అక్కడి క్యాథలిక్ మహిళా సంఘానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. 1919లో ఎం.డి. పూర్తి చేశారు. ఏ విషయంలో అనుకున్నారు? ప్రసూతి, స్త్రీల వ్యాధులు, కళ్ళు. వెళ్ళబోయే చోట ఏది కావాలో చూసుకుని మరీ చదివారన్నమాట.

1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరారు. అప్పటికే అక్కడ హాలెండునుంచి వచ్చిన జీసస్ మేరీ జోసఫ్ సభ సిస్టర్లున్నారు. తెనాలిలో జె.ఎం.జె. కాలేజి తెలుసుగా, ఆ సభే. మేరీ ఆ సభలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయ్యారు.

ఇక్కడే ఉంది అసలు చిక్కు. ఆ రోజుల్లో సన్యాసినులు వైద్యవృత్తి చేయకూడదు, ముఖ్యంగా కాన్పులు చేయకూడదు అని క్యాథలిక్ చర్చి నియమం. డిగ్రీ ఉంది, చేయి ఉంది, ఎదురుగా నొప్పులు పడే మనిషి ఉంది. కానీ రోము నుంచి అనుమతి కావాలి! చచ్చిపోతున్నది ఆడవాళ్ళయితే, చేయాలా వద్దా అని తేల్చేది మాత్రం ఎక్కడో ఉన్న మగవాళ్ళు. ఈ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పోప్ పదిహేనో బెనెడిక్ట్ ఈవిడ ఒక్కరికీ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. మిగతా సిస్టర్లందరికీ ఆ దారి తెరుచుకున్నది 1936లో. అంటే మరో పదహారేళ్ళు!

గుంటూరులో ఆడ డాక్టరు ఈవిడే మొదలని కాదు. 1883 నుంచే అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ ఉన్నారు. కుగ్లర్ ఆసుపత్రి పేరు గుంటూరువాళ్ళకు చెప్పనక్కర్లేదు. కానీ అవసరం సముద్రమంత. సిస్టర్లు నడిపే చిన్న మందుల గది క్రమంగా సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా పెరిగింది. ఏళ్ళ తరబడి దానికంతటికీ ఆవిడ ఒక్కరే డాక్టరు.

ఇంట్లో ఒక్క చేత్తో పదిమందికి వండి వడ్డించేవాళ్ళకు తెలుస్తుంది ఆ కష్టం. పక్కన కూరలు తరిగే మనిషి ఒకరుంటే చాలు అనిపిస్తుంది కదూ! డాక్టరమ్మ చేసిందీ అదే. స్థానిక స్త్రీలకు కాంపౌండరు పని, మంత్రసాని పని, నర్సు పని నేర్పించారు. కాంపౌండరు పనంటే తేలికనుకోకండి. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది - ఇంటినుంచి సీసా పట్టుకెళితే అందులో మిక్చరు పోసి, ఎన్ని మోతాదులో తెలిసేలా కత్తిరించిన కాగితం సీసాకు అంటించి ఇచ్చేవాళ్ళు. పొడి తూచడంలో గింజెత్తు తేడా వచ్చినా ప్రమాదమే. పప్పులో ఉప్పు ఎక్కువైతే నీళ్ళు పోసి సర్దుకోవచ్చు, మందులో అలా కుదరదు. అమ్మాయికి అక్షరాలు నేర్పడమే దండగ అనుకునే కాలంలో, ఆ చేతులకు త్రాసూ సీసాలూ అప్పగించారు. అర్ధరాత్రి పురుడు కోసం పిలుపొస్తే ధైర్యంగా వెళ్ళేవాళ్ళను తయారుచేశారు.

ఆవిడ నయం చేసిన రోగులు లక్షల్లో ఉంటారని చెబుతారు. నాకు మటుకు ఈ నేర్పడమే పెద్ద పని అనిపిస్తుంది. డాక్టరు ఎంత గొప్పదైనా ఆవిడకున్నవి రెండు చేతులేగా.

1943లో దేశంలోని క్యాథలిక్ ఆసుపత్రులన్నిటికీ కలిపి ఒక సంఘం పెట్టించారు. దాని కేంద్రం ఇప్పుడు సికింద్రాబాదులో ఉంది. సిస్టర్లు, ఆడపిల్లలు చదువుకునేందుకు ఒక వైద్యకళాశాల కూడా ఉండాలని ఆవిడ కోరిక. అది చూడకుండానే, చాలాకాలం క్యాన్సరుతో బాధపడి, 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. మన దేశానికి వచ్చి అప్పటికి 37 ఏళ్ళు. ఒక్కసారి కూడా పుట్టింటికి తిరిగి వెళ్ళలేదు. ఆ బెంగుళూరులోనే 1963లో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజి మొదలైంది.

గుంటూరు, తెనాలి పక్కవాళ్ళైతే మీ అత్తగారినో అమ్మమ్మగారినో ఓసారి కదిపి చూడండి. ఇంట్లో ఎవరు ఏ ఆసుపత్రిలో పుట్టారో, పురుడు పోసింది డాక్టరో, ఆ డాక్టరు దగ్గర పని నేర్చుకున్న నర్సమ్మో, వాళ్ళకు బాగా గుర్తుంటుంది.